కుడివైపు సగం

నేను ఒక పరుపుని. దూది పరుపుని. ఈ రెండో మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య పరుపు అనగానే జనం స్పంజినో స్ప్రింగులనో తలుచుకుంటున్నారు. వాటితో కలిపి నన్ను లెక్కేస్తే ఊరుకునే రకాన్ని కాను. నా లోపల ఉన్నది ఆదోని వైపు నల్లరేగడిలో పండిన పత్తి. గింజ తీసి, ఏకి, పొరలు పొరలుగా విప్పి, చారల గుడ్డలో కూరి, దబ్బనంతో ఎనభై చోట్ల కుట్టి నన్ను తయారుచేశారు. నాకు గర్వం ఎక్కువని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి. మనుషులు నా మీద పడుకుంటారు తప్ప నేను మనుషుల మీద పడుకోను. ఎవరి బరువెంతో, ఎవరి నిద్ర ఎంత అబద్ధమో నాకు తెలిసినట్టు వాళ్లకే తెలియదు.

నేను పుట్టింది కదిరిలో, పీరమ్మ అంగట్లో. పీరమ్మది దూదేకుల కుటుంబం. తాత విల్లులాంటి కమాను పట్టి దూది ఏకినవాడు, తండ్రి మిషన్‌ పెట్టాడు, ఆమె ఆ మిషన్‌ను తిడుతూ నలభై ఏళ్లు నెట్టుకొచ్చింది. నన్ను కుట్టిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు మూయలేదు. మిషన్‌ను తిట్టింది, కరెంటును తిట్టింది, దబ్బనంలోకి దారం ఎక్కనందుకు తన కళ్లను తిట్టింది. చివరి కుట్టు వేసి నన్ను గోడకు నిలబెట్టి అన్నానికి లేచింది.

నన్ను కుట్టించినవాడు ఒక లాడ్జి యజమాని. ఆరు పరుపులు కావాలన్నాడు. బండి తెచ్చి ఐదే ఎక్కించుకున్నాడు. ఆరో గదిని బామ్మర్ది సెల్‌ఫోన్ల అంగడికి ఇచ్చేశాడట. ఆ సంగతి ఆరో పరుపు కుట్టేదాకా అతనికి గుర్తు రాలేదట. గదులెన్నో తెలియనివాడు లాడ్జి నడుపుతున్నాడు, ఊరు అతన్ని పెద్దమనిషి అంటోంది. నేను ఎనిమిది నెలలు పీరమ్మ అంగడి అటక మీద చుట్ట చుట్టుకుని పడి ఉన్నాను.

ఆ ఎనిమిది నెలల్లో పరుపులు కొనే మనుషులను పైనుంచి చూశాను. చెప్పుల అంగడికి పోయినవాడు కాలు దూర్చి నాలుగడుగులు వేస్తాడు. పుచ్చకాయ కొనేవాడు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. పరుపు కొనేవాడు మాత్రం బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి "మెత్తగానే ఉండాది" అని తేల్చేస్తాడు. పడుకునేది బొటనవేలా? ఒకావిడ పరుపు చారలు ఇంటి గోడ రంగుకు నప్పుతాయా అని ఫోటో తీసి ఎవరికో పంపి జవాబు కోసం గంటసేపు నిలబడింది. ఒకాయన వాసన చూసి, బియ్యం బాగాలేవన్నట్టు మొహం పెట్టి వెళ్లిపోయాడు. జీవితంలో మూడోవంతు గడపాల్సిన చోటును చెప్పులు కూడా విప్పకుండా ఐదు నిమిషాల్లో ఎంచుకునే జాతి ఇది. తర్వాత నలభై ఏళ్లు నడుము నొప్పి అంటూ మూలుగుతుంది.

ఒక రోజు తిరుపాలు వచ్చాడు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. పొట్ట ముందుకు ఉంటుంది, మాట అంతకన్నా ముందుకు ఉంటుంది.

"పీరమ్మక్కా, పాత స్కూలు వ్యాన్‌ కొంటి" అన్నాడు. "సీట్లన్నీ పీకేసి లోపల మంచం కట్టినా, పొయ్యి పెట్టినా. నేనూ సుంకమ్మా ఊర్లు తిరగల్లని. దాంట్లోకి పరుపు కావల్ల."

"మంచం ఎవురు కట్టిరి?" అంది పీరమ్మ.

"ఎవురో యాల, నేనే కట్టినా. రెండు పక్కలా రెండు పెట్టెలు, మద్దెలో పలక. పగలు పలక తీస్తే నడిచేకి దారి. పొద్దు మునిగినాక పలకేస్తే మంచం."

"అయితే సుంకమ్మను పిల్చుకోని రాపో. పండుకునే మనిషి చూసుకోవల్ల."

తిరుపాలు పెద్దగా నవ్వాడు. "ఆయమ్మకేం తెలుసక్కా! ముప్పై రెండేండ్లు నైట్‌హాల్టుల్లో బస్సు టాపు మీద పండుకున్నోన్ని. పండుకునే సంగతి నాకా చెప్పేది?"

"టాపు మీద పండుకున్నోనికి పరుపు గురించి ఏం తెలుస్తాది, తిరుపాలూ?"

ఆ ప్రశ్నకు జవాబు లేదు కాబట్టి అతను దాన్ని వినలేదు. మనుషుల్లో ఇది మామూలే. అటక మీది నుంచి నన్ను దింపించి, బొటనవేలితో నొక్కి, ఇదే కావాలన్నాడు. తాడుతో కొలత తెచ్చాడు. వ్యాన్‌ మంచానికి నేను జానెడు ఎక్కువ. పీరమ్మ నా కాళ్లవైపు కుట్టు విప్పి, దూది తీసేసి, మళ్లీ కుట్టింది. నాకంటే తిరుపాలు పొడుగు. అతని కాళ్లు పట్టవని తాడే చెబుతోంది. "మోకాళ్లు ముడుసుకుంటా" అన్నాడు దర్జాగా.

మరుసటి రోజు వ్యాన్‌లో నన్ను పరిచాక సుంకమ్మ ఎక్కి చూసింది. సన్నటి మనిషి. భర్త పనిచేసిన డిపోలోనే ఇరవై ఆరేళ్లు కండక్టరు. ఆమె రిటైరై రెండు నెలలయింది. తిరుపాలు ఆమెకు మేనత్త కొడుకు, అందుకే పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా బావా అనే పిలుస్తుంది. నా అంచు మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ, "ఎన్ని ఊర్ల పేర్లు అరిసినానో బావా. అందరినీ దింపినా. నేను మాత్రం యా ఊర్లోనూ దిగల్యా" అంది. ఆమె కోరిక చిన్నదే. గండికోట లోయ చూడాలి. నల్లమల అడవి దాటాలి. అవతల వాడరేవులో సముద్రం చూడాలి. తొందర లేకుండా, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతూ పోవాలి. సముద్రం ఆమె ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ మంచం సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

తిరుపాలు కట్టిన మంచంలో ఎడమ పెట్టె వెడల్పు. కుడి పెట్టె సన్నం, ఎందుకంటే దాని కింద చక్రం పైభాగం పొడుచుకొచ్చింది. కాబట్టి ఎడమ సగంలో పడుకున్నవాళ్లు మొత్తం పెట్టె మీదే ఉంటారు. కుడి సగంలో పడుకున్నవాళ్లు సగం పెట్టె మీదా, సగం మధ్య పలక మీదా ఉంటారు. పగలు తీసేస్తానన్న ఆ పలకను తిరుపాలు తీరా సొంత చేత్తో, అరంగుళం కిందికి, మేకులు కొట్టి బిగించేశాడు. పైగా అది పలచని చెక్క. బరువు పడితే ఇంకో అరంగుళం వంగేది. అంటే కుడివైపు మనిషి ఒక భుజం పెట్టె మీద, అవతలి తుంటి గుంతలో. నడుము ఆ రెంటి మధ్యా మెలి తిరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నేను పైన చదునుగా, అందంగా పరుచుకుని ఉన్నాను.

మొదటి రోజు తిరుపాలు ఎక్కి ఎడమవైపు పడ్డాడు. ఇంట్లో అలవాటు ఆ పక్కేనని. సుంకమ్మ కుడివైపుకు వెళ్లింది. అంతే, ఎవరూ ఏమీ నిర్ణయించలేదు. మనుషులు చాలా అన్యాయాలు అలాగే మొదలుపెడతారు.

గండికోటలో తెల్లారింది. తిరుపాలు లేచి ఒళ్లు విరుచుకుని, "ఏం నిద్ర పట్టింది మే! ఇంట్లో కూడా ఇట్ల పట్టల్యా" అన్నాడు. సుంకమ్మ లేవబోయి ఆగిపోయింది. ఒక పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు మోపి, మెల్లగా కాళ్లు దించి, తలుపు పట్టుకుని నిలబడింది. నిలబడింది అన్నానే గాని నడుము సగమే లేచింది.

"బావా, పట్టేసింది."

"కొత్త గదా. రెండు దినాలకి అలవాటైతాది."

లోయ అంచుకు ఆమె వంగే నడిచింది. వ్యాన్‌ తలుపు తెరిచి ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. అడుగున పెన్న, రెండు పక్కలా ఎర్రటి కొండరాళ్లు. ఇన్నేళ్లు చూడాలనుకున్నదాన్ని ఆమె ఒక బండకు చెయ్యి ఆనించి, పక్కకు ఒరిగి చూసింది. తిరుపాలు ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. "నవ్వు మే" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ ఫోటో చూసినవాళ్లంతా బాగుందనే అని ఉంటారు.

అక్కడి నుంచి అతని వైద్యం మొదలైంది. జమ్మలమడుగులో స్పంజి పరుపు ఒకటి కొని నా మీద పరిచాడు. పసుప్పచ్చగా, కెమికల్‌ కంపుతో ఉంది. కూర్చుంటే అణుగుతుంది, లేస్తే ఉబ్బుతుంది. అభిప్రాయం అంటూ లేని వస్తువు. గుంత మీద పరిస్తే అదీ గుంత ఆకారమే తీసుకుంది. మరో రెండు రోజులకు నంద్యాలలో గాలి పరుపు కొన్నాడు. కాలితో పంపు కొడుతూ బజారులో అందరికీ దాని గొప్ప చెప్పాడు. తెల్లారేసరికి దాంట్లో సగం గాలి లేదు. నీళ్లు లేని బావిలా సుంకమ్మను మధ్యలోకి లాక్కుంది. మెడకు ఆకారం ఉంటుందన్న దిండు కొన్నాడు. ఆ ఆకారం ఎవరి మెడదో తెలియదు, ఆమెది మాత్రం కాదు. చివరికి పెద్ద పులి బొమ్మ ఉన్న బొచ్చు రగ్గు ఒకటి కొన్నాడు, ఆషాఢమాసం ఉక్కలో. అన్నీ పేర్చేసరికి మంచం ఎత్తు పెరిగి, లేచేటప్పుడల్లా అతని తల వ్యాన్‌ కప్పుకు తగిలేది. తగిలినప్పుడల్లా వ్యాన్‌ కంపెనీని తిట్టాడు.

అతనికి ప్రేమ లేదని నేను అనను. ఉంది. కాని ఆ ప్రేమ ఎప్పుడూ అంగడి దాకా పోయి ఏదో ఒకటి కొనుక్కొస్తుంది. మంచం కిందికి వంగి చూడదు.

నంద్యాల దాటాక నల్లమలలో వాన పట్టుకుంది. కొండల్లో ఒక చోట బండి ఆపి కిటికీలన్నీ బిగించుకున్నారు. ఇద్దరు మనుషుల ఊపిరి, పొయ్యి మీద మరిగిన టీ ఆవిరి, తడి తువ్వాళ్లు. ఆ తేమంతా ఎక్కడికి పోతుంది? చల్లటి పలక మీదికి దిగింది. పలక మీద నేనున్నాను. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కాని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. పత్తి నీళ్లను పీలుస్తుంది. పీల్చింది తొందరగా వదలదు. మూడు రోజుల్లో నా కింది గుడ్డ మీద నల్లటి చుక్కలు లేచాయి. వాసన మొదలైంది. సుంకమ్మ తుమ్ముతూ లేచేది. తిరుపాలు అగరబత్తీ వెలిగించాడు.

ఆ వానలోనే ఆమె మొదటిసారి అడిగింది. "బావా, ఒక్క దినం నువ్వీ పక్క పండుకో. నేను ఆ పక్కకొస్తా."

"పరుపొకటే కదా మే? ఆ పక్కేంది, ఈ పక్కేంది?"

"ఒకటే అయితే మారేకి ఏం పోతాది?"

"డ్రైవరుకు నిద్ర సాలకపోతే బండి లోయలో పడతాది. ప్యాసింజరుకేముంది, ఎట్ల పండుకున్నా జరుగుతాది" అని నవ్వాడు. తమాషాకే అన్నాడు. పొయ్యి దగ్గర గిన్నె తుడుస్తున్న సుంకమ్మ దాన్ని బోర్లించి పెట్టింది. ఆ తర్వాత గిద్దలూరు దాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి అతను గమనించనూ లేదు. రోడ్డు గురించి తనే మాట్లాడుతూ ఉన్నాడు.

గిద్దలూరు బస్టాండు ముందు బండి ఆపి దోసెలు కట్టించుకోవడానికి దిగాడు. తిరిగి వచ్చేసరికి సుంకమ్మ చేతిసంచి భుజాన వేసుకుని కింద నిలబడి ఉంది.

"యాడికి మే?"

"ఇంటికి. కడప బస్సు ఉండాది. ఆడ దిగి కదిరి బస్సు ఎక్కుతా."

"సముద్రం ఇంక ఒక్క దినం దూరం! ఇప్పుడు ఎనిక్కి పోయేదేంది?"

"ప్యాసింజర్ని కదా బావా. ప్యాసింజరు బస్సులో పోతాది."

అతను అప్పటికీ నవ్వబోయాడు. ఆమె గొంతు పెంచలేదు. బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆమెది. ఆ రోజు అతనికీ, తెరిచిన తలుపు పక్కనున్న నాకూ మాత్రమే వినిపించేలా మాట్లాడింది.

"నువ్వు ముప్పై రెండేండ్లు కూర్చోని పనిచేసినావు. నేను ఇరవై ఆరేండ్లు నిలబడి పనిచేసినా. నీ కాళ్లెట్లుండాయి సుంకీ అని ఒక్క దినమన్నా అడిగితివా? పోనీలే, అప్పుడు డ్యూటీ. ఇప్పుడు ఏం డ్యూటీ ఉండాది? ఒక్క దినం ఈ పక్క పండుకోమంటి. నొప్పి తీయమనల్యా. యాడ నొస్తాందో సూడమంటి."

కడప బస్సు కదలబోతోంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు అమ్మాయి వచ్చి టిక్కెట్టు అడిగితే ఏదో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. బస్సు వెళ్లిపోయింది. తిరుపాలు రెండు దోసె పొట్లాలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగాక కూడా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వ్యాన్‌ ఎక్కి రెండు పొట్లాలూ తనే తిన్నాడు. మనిషి దుఃఖం గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ దోసెల సంగతి కూడా రాసుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఊరి బయట ఒక చింతతోపు దగ్గర బండి ఆపాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఎడమవైపు కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. స్పంజి, గాలి సంచి, పులి, అన్నీ ఉక్కపోతకు తీసి ముందు సీట్లో పడేశాడు. కుడివైపు నీడ ఉంది. నీడలోకి పడుకున్నాడు. సుంకమ్మ కోసం కాదు, ఎండ కోసం. పెద్ద సంకల్పంతో చేసిన పని కాదని గుర్తుంచుకోండి.

రెండు గంటలు పడుకున్నాడు. లేవబోతే "అమ్మా" అని అరిచి మళ్లీ నా మీద పడ్డాడు. ఒక పక్కకు తిరిగాడు. మోచేయి మోపాడు. కాళ్లు దించాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది రోజులుగా తన కళ్ల ముందు ఆమె చేసిన పనులన్నీ అదే వరసలో చేశాడు. చేస్తూ చేస్తూ మధ్యలో ఆగాడు. అతనికి తెలిసింది అప్పుడే. మొహంలో చూశాను.

అప్పుడు నన్ను పైకెత్తాడు. కొన్న తర్వాత ఎత్తి చూడటం అదే మొదటిసారి. నల్లటి బూజు చుక్కలు చూశాడు. పలక మీద అరచేయి పెట్టి పెట్టె వైపుకు జరిపాడు. మెట్టు తగిలింది. మళ్లీ జరిపాడు. మళ్లీ తగిలింది. మోకాలితో పలకను నొక్కితే అది దిగింది. మోకాలు తీశాడు, లేచింది. తను కొట్టిన మేకుల మీద వేళ్లు పెట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

"అరంగుళం" అన్నాడు.

ముందే చెప్పి ఉండేవాణ్ణి, నోరుంటే. కాని నోరున్న మనిషి చెబితేనే వినలేదు.

బండి వెనక్కి తిప్పాడు. కదిరి చేరాక ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నేను వ్యాన్‌లోనే ఉన్నాను. పదకొండు రోజులు సుంకమ్మ వ్యాన్‌ వైపు రాలేదు. ఆ పదకొండు రోజుల్లో తిరుపాలు పలకను పీకేసి, ఈసారి ఒక వడ్రంగిని తీసుకొచ్చాడు. వడ్రంగి పాత మేకులు చూసి, "ఇది ఎవడు కొట్టినాడు సామీ?" అన్నాడు. తిరుపాలు "నేనే" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో వడ్రంగికి తెలియదు. మందపాటి చెక్క తెచ్చి, రసమట్టం పెట్టి, రెండు పెట్టెలతో సమానంగా బిగించారు. గాలి ఆడటానికి చెక్కకు వరసగా బెజ్జాలు పెట్టారు. కిటికీలకు దోమతెర వేసి, వానలో కూడా కొంచెం తెరిచి పెట్టుకునేలా పైన రేకు తొడిగారు.

పన్నెండో రోజు నన్ను చుట్టి పీరమ్మ అంగడికి తెచ్చాడు.

పీరమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "చెరువులో ముంచినావా ఏంది?" అంది.

"తప్పైంది అక్కా. ఇంకో పరుపు కావల్ల. నేను చూడను. సుంకమ్మే చూసుకుంటాది."

సుంకమ్మ అప్పటికే వీధిలో నడిచి వస్తోంది. వ్యాన్‌ ఎక్కనంది, నడిచే వచ్చింది. అంగడి మెట్టు దగ్గర చెప్పులు విప్పింది. ఏమీ నొక్కి చూడలేదు, రంగు అడగలేదు. "కింద పరుసు అక్కా, అన్నీ చూస్తా" అంది.

మొదట నన్నే పరిచారు. పట్టపగలు, నలుగురూ తిరిగే బజారులో, ముందు భాగమంతా తెరిచి ఉన్న అంగట్లో సుంకమ్మ చీర సర్దుకుని నా మీద పడుకుంది. వీధిలో పోతున్నవాళ్లు ఆగారు. ఎదురుగా టీ కొట్టులో మాటలు ఆగాయి.

"మే, అందరూ చూస్తాండారు" అన్నాడు తిరుపాలు, గొంతు తగ్గించి.

"చూడనీ. ఇరవై ఆరేండ్లు నన్ను చూసినోళ్లే కదా" అంది ఆమె, కళ్లు మూసుకునే.

పీరమ్మ బయటికి వచ్చి గుంపు వైపు చేయి విసిరింది. "పండుకున్న మనిషిని యాపొద్దూ చూడల్యా? పోండి, పోండి."

నేను నా శాయశక్తులా ప్రయత్నించాను. నా పత్తినంతా బిగబట్టాను. ఇక్కడ కింద సమమైన బండలు, పలక లేదు, గుంత లేదు, నా మీద నింద వేయడానికి వేరే వస్తువు లేదు. ఇప్పుడు తెలుస్తుంది నేనేంటో అనుకున్నాను. ఆమె వెల్లకిలా పది నిమిషాలు పడుకుంది. పక్కకు తిరిగి పది నిమిషాలు పడుకుంది. లేచి కూర్చుంది.

"ఇది వద్దక్కా. తుంటికాడ దిగబడుతాది. చెమట పీలుస్తాది, ఆరదు. ఇంట్లోకైతే సరే. బండిలోకి కాదు."

అంతే. ఐదు నిమిషాల్లో బొటనవేలితో నన్ను ఎంచుకున్నవాళ్లను ఇంతసేపు తిట్టాను. ఇరవై నిమిషాలు ఒళ్లంతా పెట్టి చూసిన మనిషి నన్ను వద్దంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. అది మరీ కష్టంగా ఉంది.

స్ప్రింగుల పరుపు మీద పడుకుంది. ఊగుతోందని వద్దంది. మందపాటి స్పంజి మీద పడుకుంది. వేడెక్కుతోందని వద్దంది. చివరికి పీరమ్మ మూలన ఉన్న కొబ్బరిపీచు పరుపు ఒకటి లాగింది. రెండంగుళాల మందం, గరుకుగా, అట్టముక్కలా ఉంటుంది. తాళ్లు పేనుకునే పీచు, పరుపుగా పేరు మార్చుకుంది. దాన్ని నా పక్కన పరిచినప్పుడు నేను అటు చూడలేదు. దాని మీద పీరమ్మ పాత నూలు చీరలతో కుట్టిన పలచని బొంత వేసింది. సుంకమ్మ వెల్లకిలా పడుకుంది. ఒక మోకాలు ఎత్తింది, దించింది. పక్కకు తిరిగి చేయి తల కింద పెట్టుకుంది.

పది నిమిషాలైంది. లేవలేదు. ఇరవై నిమిషాలైంది. పీరమ్మ వంగి చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. సుంకమ్మ నిద్రపోయింది.

అంగట్లోకి దిండు కోసం ఒకాయన వచ్చాడు. పీరమ్మ సైగలతోనే బేరం చేసింది. నోరు మూయకుండా నలభై ఏళ్లు బతికిన మనిషి గుసగుసలాడటం నేను అప్పుడే చూశాను. ఏకే మిషన్‌ ఆపేసింది. తిరుపాలు మెట్టు మీద కూర్చున్నాడు, భార్య చెప్పులు తన పక్కన జరిపి పెట్టుకుని. డిపో వైపు పోతున్న పాత సావాసగాడు ఒకడు ఆగి, "ఏం తిరుపాలన్నా, ఈడ కూర్చుంటివి?" అని గట్టిగా పలకరించాడు.

"సద్దు సేయాకబ్బా" అన్నాడు తిరుపాలు. "పండుకొనుండాది."

ఎండ మెట్టు మీదికి వచ్చింది. అతను జరగలేదు. గంటసేపు అలాగే కూర్చున్నాడు, ఎండకూ లోపల పడుకున్న మనిషికీ మధ్య వీపు అడ్డం పెట్టుకుని. ఆమె లేచాక "ఇదే కావల్ల" అంది. అతను "సరే" అన్నాడు. నేను అతన్ని చూసినన్నాళ్లలో అతను మాట్లాడిన తెలివైన మాట అదే.

వాళ్లు దసరా పోయాక మళ్లీ బయల్దేరారు. నన్ను పీరమ్మ ఉంచుకుంది. కుట్లు విప్పి, బూజు పట్టినంతవరకూ తీసి పారేసి, మిగిలిన పత్తిని మిద్దె మీద మూడు రోజులు ఎండబెట్టింది. కాకులు కొంత పట్టుకుపోయాయి. మళ్లీ ఏకింది. ఇప్పుడు నేను నాలుగు దిండ్లు, ఒక కుర్చీ మెత్త. దిండ్లు ఎవరెవరి తలల కిందో ఉన్నాయి. ఆ తలల్లో ఏముందో నేను ఊహించగలను, చెప్పను. మెత్త మాత్రం పీరమ్మ కుర్చీలోనే ఉంది. అందుకే అంగడికి వచ్చే ఫోన్లు నాకు వినిపిస్తాయి.

పోయిన వారం వాడరేవు నుంచి సుంకమ్మ ఫోన్‌ చేసింది. పీరమ్మకు చెవి సరిగా వినపడదు, గట్టిగా వినిపించేలా పెట్టుకుంటుంది. వెనక అలల హోరు.

"సముద్రం ఎట్లుండాది సుంకమ్మా?"

"ఒకటే సద్దు అక్కా. అయినా నిద్ర పట్టింది. ఈపొద్దు లేసేసరికి ఎనిమిదైంది. ఈయన ఆరింటి నుంచి బయట ఇసుకలో కూర్చోనుండాడు. తలుపు తీస్తే కిర్రుమంటాదని లోపలికి రాల్యా. టీ కూడా పెట్టుకోల్యా."

"యా పక్క పండుకుంటివి?"

"ఎడమ పక్క. కుడి పక్క ఆయనే పండుకుంటాండాడు. ఇప్పుడు రెండూ ఒకటే బావా అన్నా వినల్యా."

"అది సరే. నడుము ఎట్లుండాది?"

సుంకమ్మ నిజంగా ఆలోచించే చెప్పింది.

"నడుమా? నువ్వు అడిగేదాకా అది ఉండాదనే గుర్తు రాలేదక్కా."

పీరమ్మ నవ్వి ఫోన్‌ పెట్టేసి, మిషన్‌ను తిట్టడానికి లేచింది. నేను ఖాళీ కుర్చీలో ఉండిపోయాను. మనుషుల మీద నా అభిప్రాయం మారలేదు, మారుతుందని ఆశపడకండి. కాని ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. పడుకున్న మనిషి తన ఒళ్లు తానే మరిచిపోవాలి, పరుపు చేయాల్సిన పని అదొక్కటే. ఎనిమిది రోజులు సుంకమ్మ నా మీద పడుకుంది. ఆ ఎనిమిది రోజుల్లో ఒక్క క్షణం కూడా నేను ఆమెను మరిచిపోనివ్వలేదు. ఆ పీచుముక్క మరిచిపోనిచ్చింది.